నల్లబల్ల మీద మౌస్, బీరువాలో తాళంచెవి

ప్రాథమిక పాఠశాలలో కంప్యూటర్ నేర్పేటప్పుడు ముందుగా చూసుకోవాల్సింది కంప్యూటర్ క్షేమం. పిల్లలు ఏటా కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు, కంప్యూటర్ మళ్లీ శాంక్షన్ కాదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో సర్కారు బడి, ప్రైవేటు బడి అనే తేడా లేకుండా ఈ సూత్రాన్ని నిష్ఠగా పాటించేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల పద్ధతులు అందరికీ అందాలనే ఈ నాలుగు మాటలు.

పాఠం నల్లబల్ల మీద మొదలుపెట్టాలి. ఒక డబ్బా గీసి మానిటర్ అనాలి, పక్కన నిలువు డబ్బా గీసి సీపీయూ అనాలి. అసలు సీపీయూ ఆ డబ్బా కాదు, డబ్బా లోపల ఫ్యాను కింద దాగిన చిన్న చిప్పు. కానీ దాన్ని చూపించాలంటే డబ్బా విప్పాలి, విప్పితే స్టాక్ రిజిస్టర్‌కి ఎవరు జవాబు చెప్పాలి? తర్వాత కంప్యూటర్‌కు లేని ఫుల్‌ఫారం ఒకటి బట్టీ పట్టించి, పితామహుడి పేరు చెప్పించాలి. చార్లెస్ బాబేజ్ అనలిటికల్ ఇంజన్‌ అనే లెక్కల యంత్రం గురించి 1837లోనే రాసిపెట్టాడు, 1871లో కన్నుమూసేదాకా అది పూర్తి కాలేదు. యంత్రం లేకపోయినా కంప్యూటర్ విద్య ఆగదని ఆ మహానుభావుడే దారి చూపాడు. మనం తప్పకుండా నడుస్తున్నాం.

ఇక గది. ఏప్రిల్ ఆఖర్లో సెలవులివ్వగానే మెయిన్ స్విచ్ దించేసి తాళం వేయాలి. కరెంటు పోయినా కాసేపు కంప్యూటర్‌ను నడిపే బ్యాటరీ పెట్టె, అదే యూపీఎస్, దాని బటన్ మాత్రం ఆపకూడదు. అది కాసేపు బీప్ బీప్‌మని మొత్తుకుని, బ్యాటరీ మొత్తం ఖాళీ చేసుకుని నిద్రపోతుంది. ఖాళీ అయిన బ్యాటరీ ఏడు వారాలు అలాగే పడి ఉంటే లోపలి సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్లీ ఛార్జింగ్ ఎక్కదు. జూన్‌లో బడి తెరిచాక కరెంటు పోయిన క్షణమే కంప్యూటరూ పోతుంది. నెలకోసారి తాళం తీసి నాలుగైదు గంటలు ఛార్జింగ్ పెడితే ఈ గతి పట్టదని మెకానిక్కులు అంటారు. అంత మాట వింటే సెలవుల్లో ఎవరో ఒకరు బడికి రావాల్సి ఉంటుంది.

డబ్బా లోపల చిప్పులన్నీ అమర్చిన పలక, అంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఒక బ్యాటరీ ఉంటుంది. సీఆర్ 2032 అని దాని మీదే రాసి ఉంటుంది, మూడు వోల్టులు. ప్లగ్గు పీకేసి ఉంచితే ఇది తొందరగా అయిపోతుంది. అయిపోతే కంప్యూటర్ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, ఏ వెబ్‌సైట్ తెరిచినా ‘ఇది సురక్షితం కాదు’ అంటుంది. సైటు ధ్రువపత్రం తేదీ, కంప్యూటర్ తేదీ కలవకపోవడమే కారణం. ఈ దశలో ‘వైరస్ వచ్చింది’ అని రిజిస్టర్‌లో రాసి గదికి రెండో తాళం వేయడం ఆచారం. ప్లగ్గు తీసి, డబ్బా విప్పి, బిళ్ల పక్కనున్న చిన్న కొక్కెం నొక్కి, కొత్త బిళ్ల ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, తేదీ సరిచేస్తే ఐదు నిమిషాల పని. కానీ దానికి ఇండెంట్, మూడు కొటేషన్లు, మండల విద్యాధికారి (ఎంఈఓ) గారి సంతకం అక్కర్లేదు కాబట్టి ఆ పద్ధతికి గౌరవం తక్కువ.

ఎప్పుడైనా తప్పనిసరై పిల్లల్ని లోపలికి పంపాల్సి వస్తే లెక్క చూసుకోవాలి. నలభై మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడ్, పనిచేసే కంప్యూటర్లు రెండు. తిరుపతి వాళ్లకు ఇందులో కొత్తేముంది, ఇది మహా లఘు దర్శనం. చెప్పులు బయట విడవాలి, వరుసలో రావాలి, దూరం నుంచే చూసుకోవాలి, క్లాస్ లీడర్ ‘జరుగు జరుగు’ అంటూ నెట్టాలి. ఇద్దరిని ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఒకరు చెబితే ఇంకొకరు మౌస్ కదిపేలా, ఐదు నిమిషాలకోసారి చోటు మారేలా చేసే టీచర్లూ అక్కడక్కడా లేకపోలేదు. మిగతా పిల్లలు వరండాలో సుద్దతో గళ్లు గీసుకుని, ఒకడు రోబో అయితే ఇంకొకడు ‘రెండు ముందుకు, ఒకటి కుడికి’ అని కాగితం మీద రాసి నడిపిస్తారట. కరెంటు లేకుండా ప్రోగ్రామింగ్ నేర్పితే కరెంటు బిల్లుకు అర్థమేముంటుంది?

బల్ల తెల్లటి నున్నటి సన్‌మైకాది అయి ఉండాలి. మౌస్ కింది దీపం వెలుగులో బల్ల ఉపరితలాన్ని ఫొటోలు తీసుకుంటూ కదలికను లెక్కిస్తుంది. మెరిసే బల్ల మీద దానికి ఏ గుర్తూ దొరకదు, బాణం గంతులేస్తుంది. అప్పుడు ‘నీకు చేతకాదులే, లెయ్’ అనాలి. మౌస్ కింద ఒక తెల్లకాగితం పెడితే చాలని పిల్లకు తెలియకూడదు. డబుల్ క్లిక్ అంతకన్నా మంచి ఆయుధం. విండోస్‌లో రెండు నొక్కుల మధ్య మామూలుగా అర సెకను మించకూడదు. ఆరేళ్ల వేళ్లు అంత వేగం తిరగవు, పైగా నొక్కేటప్పుడు చెయ్యి కదిలి ఐకాన్ ఎక్కడికో జరిగిపోతుంది. మౌస్ సెట్టింగుల్లో ఆ వేగాన్ని తగ్గించే మీట ఉంది. అసలు ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టినా ఫైలు తెరుచుకుంటుంది. ఈ రెండూ సిలబస్‌లో లేవు. షిఫ్ట్ కీ వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అని ఒక పెట్టె ఊడిపడుతుంది. ‘సార్, ఏందో వచ్చింది సార్!’ అని పిల్ల ఏడుపు మొహం పెట్టగానే ‘ఏం కెలికినావే?’ అని గట్టిగా అడగాలి. ఆ ఒక్క ప్రశ్నతో ఆ పిల్ల మళ్లీ ఏడాది దాకా కీబోర్డు జోలికి రాదు.

తెలుగు టైపింగ్ గురించి గట్టి హెచ్చరిక ఒకటుంది. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు ఉచితంగానే ఉంటుంది, భాషల సెట్టింగులో చేర్చుకుంటే చాలు. అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు. షిఫ్ట్ పట్టుకుని డి నొక్కితే ‘అ’. సి నొక్కితే ‘మ’. షిఫ్ట్ లేకుండా డి నొక్కితే పొల్లు, మళ్లీ సి నొక్కితే కింద మ-వత్తు వచ్చి కూర్చుంటుంది. నాలుగు నొక్కుల్లో ‘అమ్మ’. మూడో తరగతి పిల్ల దీన్ని ఒక్క పూటలో పట్టేస్తుంది, వత్తు ఎలా పుడుతుందో కూడా కళ్లారా చూస్తుంది. అందుకే దీన్ని దాచిపెట్టి, ఇంగ్లిషులో యాపిల్ అని టైపు చేయించాలి.

ప్రైవేటు బళ్లకు ఈ బాధలు లేవు. జాతీయ విద్యావిధానం 2020 కోడింగ్‌ను ఆరో తరగతి నుంచి మొదలయ్యే మిడిల్ స్టేజ్‌లో పెట్టింది. వీళ్ల ఫ్లెక్సీలు మాత్రం ఎల్‌కేజీ నుంచే ఏఐ అంటాయి. టక్స్ పెయింట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, ఇంటర్నెట్ లేకుండా పిల్లలకు మౌస్ పట్టడం వస్తుందని ఎవరైనా అంటే, ‘బొమ్మలు గీసుకునేదానికా మేం ఫీజు కట్టింది?’ అని తల్లిదండ్రులే అడుగుతారు. యాజమాన్యం వాళ్లకు రుణపడి ఉంటుంది.

తాళం తీయక తప్పని రోజు ఆయుధపూజ. మానిటర్‌కు గంధం, కీబోర్డుకు బంతిపూలు, సీపీయూ గాలిరంధ్రాల మీద ధారాళంగా విభూతి, కుంకుమ. పొడి లోపలి ఫ్యాను రెక్కలకు పట్టుకుంటే చిప్పు వేడెక్కి కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది. డబ్బా వెనక ఊడిపోయిన రేకుపట్టీల సందుల్లోంచి బల్లి దూరి పవర్ సప్లైలో పడితే ఇంకా త్వరగా ఆగుతుంది. రేకు బిగించడానికి ఒక్క స్క్రూ చాలు, కానీ స్క్రూ కన్సూమబుల్ కిందికి వస్తుందా, రిపేరు కిందికి వస్తుందా అన్నది ఇంకా తేలలేదు.

ఆడిట్‌కు మాత్రం ఢోకా లేదు. మౌస్‌లు పది, కీబోర్డులు పది, రిజిస్టర్‌తో సరి. ఏ పిల్లకు ఏం వచ్చిందో రాయడానికి అందులో గడి లేదు. వార్షిక పరీక్షకు ప్రశ్నపత్రం కూడా సిద్ధంగానే ఉంది: మౌస్ బొమ్మ గీసి భాగములు గుర్తింపుము, నాలుగు మార్కులు. కంప్యూటర్ ఉపయోగములు ఐదు రాయుము, ఐదు మార్కులు. కంప్యూటర్‌ను ఆన్ చేయు విధానమును వివరింపుము, పది మార్కులు. గమనిక: విద్యార్థులు పరీక్ష సమయములో ల్యాబు గది వైపు వెళ్లరాదు.