రిబ్బన్ పెట్టుకునే టైం కూడా లేని అమ్మాయి

నిన్న మా ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒక వీడియో పంపారు. వేల ఏళ్ల కిందటి సుమేరు జనం నగరం ఊర్‌లో రాణి చనిపోతే పరిచారికలంతా స్వామిభక్తితో, నవ్వుతూ, విషం తాగి ఆమె వెంట వెళ్లిపోయారట. కింద వరసగా దండాల ఎమోజీలు. ఆ దండాలు చూసి నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఊర్ దక్షిణ ఇరాక్‌లో ఉంది. మన 'ఊరు'తో పేరు కలిసిందంతే. 1922 నుంచి 1934 దాకా బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త లియొనార్డ్ వూలీ అక్కడ తవ్వకాలు జరిపించాడు. సుమారు 4,500 ఏళ్ల నాటి శ్మశానం బయటపడింది. అందులో ఒక్క గోతిలోనే 74 మంది. వాళ్లలో 68 మంది ఆడవాళ్లే, ఒంటినిండా నగలతో, వరసలుగా పడుకుని ఉన్నారు. పక్కన గిన్నెలు కనిపించేసరికి విషం తాగి ప్రశాంతంగా పోయి ఉంటారని వూలీ అనుకున్నాడు. నవ్వుల కథ అక్కడి నుంచే పెరిగింది.

తర్వాత ఆ శ్మశానంలో దొరికిన రెండు పుర్రెలకి సీటీ స్కాన్ తీశారు. ఒకటి ఈ గోతిలోని స్త్రీది, ఇంకొకటి వేరే సమాధిలోని మగమనిషిది. రెండింటిలోనూ మొనదేలిన ఆయుధంతో తల మీద కొట్టిన పగుళ్లు ఉన్నాయి. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మిగతా అందరూ ఎలా పోయారో రెండు పుర్రెలు చెప్పలేవు, ఒప్పుకుంటాను. కానీ "నవ్వుతూ" అని ఏ ధైర్యంతో అంటాం?

ఆ గోతిలోని ఒక అమ్మాయిని నేను మర్చిపోలేను. మిగతావాళ్ల తలలకి బంగారు, వెండి రిబ్బన్లు చుట్టి ఉన్నాయి. ఈమెది మాత్రం నడుము దగ్గర, చుట్ట చుట్టినది చుట్టినట్టే దొరికింది. ఆలస్యమై, పెట్టుకునే టైం లేక, జేబులాంటి దాంట్లో వేసుకుని పరిగెత్తి వచ్చిందేమో అన్నాడు వూలీ. పెళ్లికి లేటవుతుంటే జడగంటలు చేత్తో పట్టుకుని ఆటో ఎక్కే మన పిల్లలే గుర్తొస్తారు నాకు.

ఆ సమాధుల్లో దొరికిన ఎర్ర కార్నీలియన్ పూసల్లో కొన్ని సింధు లోయ నుంచి వెళ్లినవి. నీలి రాయి ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని బదఖ్షాన్ నుంచి వచ్చింది. అంత దూరపు వ్యాపారం, అంత పనితనం! ఊర్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కానేకాదు. పచ్చి మట్టి పలకల మీద లెక్కలు రాసి, బార్లీ కొలిచి కూలి ఇచ్చిన నాగరికత అది. నాలుగైదు వందల ఏళ్ల తర్వాత అదే నగరంలో రాజు ఉర్‌నమ్ము పేరు మీద చట్టం వచ్చింది. అనాథని ధనవంతుడికి, విధవని బలవంతుడికి అప్పగించలేదని అందులో చెప్పుకున్నారు. హత్య చేసినవాడికి మరణశిక్ష అని రాసుకున్నారు. ప్రాణం విలువ తెలియని జనం కాదు వాళ్లు. అందుకే ఆ గొయ్యి నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది.

అదే శ్మశానంలో దొరికిన రాణి పుఆబి పేరు మనకి తెలుసు, ఆమె ముద్ర మీద రాసి ఉంది కాబట్టి. రిబ్బన్ అమ్మాయి పేరు ఎక్కడా లేదు. ఆ వీడియో ఇంకొకరికి పంపాలనుకుంటే పంపండి. "నవ్వుతూ" అన్న మాటకి మాత్రం ఆధారం లేదని కింద రాసి పంపండి.