కాయా, పండా?

పోయిన జూన్‌లో చిత్తూరు వెళ్ళినప్పుడు మా అబ్బాయి వంటింట్లోకి పోయి "అవ్వా, మ్యాంగో ఇస్తావా?" అని అడిగాడు. మా అమ్మ ఒక చేత్తో ఉప్పూకారం అద్దుకుని తినే బెంగళూరు కాయ, ఇంకో చేత్తో వరిగడ్డిలో మాగేసిన బేనిషా (బంగినపల్లి) పండు పట్టుకుని "కాయా, పండా నాయనా?" అంది. వాడు నా మొహం చూశాడు. వాడికి రెండూ మ్యాంగోలే.

అప్పట్నుంచీ ఈ మాట నన్ను వదల్లేదు. ఇక్కడ అమెరికాలో మన సంఘం పిల్లలకు పెట్టే తెలుగు క్లాసుల్లో 'మ్యాంగో అంటే మామిడి' అని చెప్పేసి ముందుకు పోతాం, మ్యాంగో ఏదో ఇంగ్లీషువాళ్ళ సొంత మాటైనట్టు. తమిళంలో చెట్టు 'మా', దాని కాయ 'మాంగాయ్', మలయాళంలో అదే 'మాంగ'. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక పోర్చుగీసువాళ్ళు దాన్ని 'మంగ' చేసుకున్నారు. కేరళలోనే విన్నారా, మలయ్ భాష మీదుగా తీసుకున్నారా అని పండితులు వాదించుకుంటారు గానీ పుట్టిల్లు మాత్రం మన పక్కిల్లే. వాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషుకు పోయింది. అంటే మ్యాంగో చివర వినబడే ఆ 'గో' మన కాయే! మాగిన పండును కూడా లోకమంతా కాయ అనే పిలుస్తోంది. మన మామిడిలో, మావిచిగురులో, కన్నడవాళ్ళ మావులో ఉన్నదీ ఆ 'మా'నే. హిందీ ఆమ్ దారి వేరు, అది సంస్కృతం ఆమ్రం నుంచి వచ్చింది.

అమెరికాలో ఉన్నవాళ్ళం ఇంకోటి తెలుసుకోవాలి. నెలల తరబడి ఓడ ప్రయాణానికి పండు ఆగదు కాబట్టి ఇంగ్లండుకు మొదట్లో చేరింది ఎక్కువగా ఊరగాయే, దాంతో అక్కడ ఊరబెట్టిన దోసకాయనైనా పీచ్‌నైనా మ్యాంగో అనడం మొదలైంది, ఆ వాడుకే సముద్రం దాటి వచ్చి ఒహాయో, ఇండియానా వైపు పాతకాలం వాళ్ళు క్యాప్సికమ్‌నే మ్యాంగో అనేదాకా పోయింది. ఏటా ఆవకాయ పెట్టే మనవాళ్ళకి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక మా జిల్లా నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు లారీలకు లారీలు పోయే ఆ బెంగళూరు కాయకే తోతాపురి అని పేరు. హిందీలో తోతా అంటే చిలక. తమిళులు కిళిమూక్కు అంటారు, కన్నడిగులు గిణిమూతి అంటారు, రెండింట్లోనూ చిలకే. కాయ చేతిలో పెట్టుకుని వంపు తిరిగిన ఆ కొన చూస్తే ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు రాష్ట్రాలు కలిసే మా చిత్తూరు మండీలో ఈ పేర్లన్నీ ఒక్క పొద్దుటే వినబడతాయి.

మన సంఘం టీచర్లను నేను అడిగేది ఒక్కటే. ఈ వేసవిలో ఒక క్లాసుకు పలకా పుస్తకం వద్దు, మామిడికాయలు తెండి. పిందె, కాయ, దోరకాయ, పండు, టెంక, లోపలి జీడి అన్నీ పిల్లలు ముట్టుకుని, కొరికి, పేరు పెట్టి పిలవాలి. బోర్డు మీద రాస్తే ఈ మాటలు రావు.

మొన్న ఇండియన్ షాపులో మావాడు పెట్టెలోంచి ఒకటి తీసి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, "నాన్నా, ఇది ఇంకా దోరగానే ఉంది" అన్నాడు.