ఫైల్ ముగిసిందా అని ముందే అడగవచ్చా?

(బెంగళూరు మారతహళ్ళిలోని ఒక శిక్షణ కేంద్రంలో సి భాష బోధించే ఇద్దరు తెలుగు అధ్యాపకుల మధ్య జరిగే వాదం. ఫైల్ చదివే లూప్‌ను కొత్తవారికి ఏ షరతుతో నేర్పాలన్నది వివాదాంశం.)

పూర్వపక్షం: మేడమ్, "ఫైల్ ముగియనంత వరకు చదువు" అంటే ఎంత కొత్తవారికైనా ఇట్టే అర్థమవుతుంది. ఫైల్ ముగింపును పరీక్షించే ఎఫ్‌ఈఓఎఫ్ (feof) ఫంక్షన్‌ను షరతుగా పెట్టిన వైల్ లూప్ చెప్పేది ఆ మాటే. ఫంక్షన్లు తిరిగి ఇచ్చే విలువలను పట్టుకుంటే ఒక్కో బైట్ చదివే ఎఫ్‌గెట్‌సి (fgetc) పూర్ణాంకం ఇస్తుంది, ఒక్కో వరుస చదివే ఎఫ్‌గెట్స్ (fgets) పాయింటర్ (మెమరీ చిరునామా) ఇస్తుంది, ముక్కలుగా చదివే ఎఫ్‌రీడ్ (fread) ఎన్ని వచ్చాయో లెక్క ఇస్తుంది. తలా ఒక తీరు. మొదటి రోజే ఇదంతా పిల్లల నెత్తిన రుద్దడం దేనికి?

ఉత్తరపక్షం: తలా ఒక తీరన్నది నిజమే సార్, ఆ చిక్కు సి భాషలోనే ఉంది. కానీ ఎఫ్‌ఈఓఎఫ్ చెప్పేది ఇక ఏమీ మిగలలేదని కాదు, అంతకు ముందు చదివినప్పుడు ఫైల్ చివర తగిలిందని. మూడు వరుసల ఫైల్ తీసుకోండి. మూడో వరుసను తెచ్చిన ఎఫ్‌గెట్స్ వరుస ముగింపు గుర్తైన న్యూలైన్ దగ్గరే ఆగిపోతుంది, దాని అవతల ఏమీ లేదని అప్పటికింకా తెలియదు. అందువల్ల లూప్ నాలుగోసారి తిరుగుతుంది, ఎఫ్‌గెట్స్ ఏమీ దొరకలేదని నల్ (ఖాళీ పాయింటర్) ఇస్తుంది, ఆ నల్‌ను ఎవరూ చూడరు, చదివినది దాచుకునే బఫర్‌లో పాత వరుస చెక్కుచెదరకుండా ఉంటుంది గనుక అదే మళ్ళీ ప్రింట్ అవుతుంది.

పూర్వపక్షం: నా తరగతిలో చాలామందికి సరిగ్గానే వస్తోంది కదా!

ఉత్తరపక్షం: వాళ్ళు ఆఖరి వరుస చివర ఎంటర్ నొక్కి ఉండరు. అప్పుడు న్యూలైన్ దొరకక ఎఫ్‌గెట్స్ ఫైల్ చివరి దాకా పోతుంది, తప్పు బయటపడదు.

పూర్వపక్షం: పోనీ, ఎఫ్‌గెట్‌సితో మొదలుపెడదాం. వచ్చినదాన్ని ఒక బైట్ పట్టే క్యార్ (char) రకంలో వేసుకుని, ముగింపు సంకేతమైన ఈఓఎఫ్ (EOF)తో పోల్చితే సరిపోతుంది.

ఉత్తరపక్షం: సరిపోదు సార్. ఎఫ్‌గెట్‌సి 0 నుంచి 255 వరకు ఏ బైట్‌నైనా ఇవ్వాలి, వాటిలో దేనితోనూ కలవని ఈఓఎఫ్‌నూ ఇవ్వాలి. అందుకే అది ఇచ్చేది క్యార్ కాదు, ఇంట్ (int, పూర్ణాంక రకం). మన ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా క్యార్‌కు రుణసంఖ్యలూ ఉంటాయి గనుక అందులో వేసిన 255 కాస్తా -1 అయి, ఈఓఎఫ్‌లా కనిపిస్తుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలోని తెలుగులో 255 బైట్ ఎన్నడూ రాదు, కాబట్టి తెలుగు ఫైల్ సాఫీగా చదువుతుంది; జేపెగ్ బొమ్మకు మొదటి బైటే 255, అక్కడ తొలి అడుగులోనే ఆగిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై వంటి ఆర్మ్ లినక్స్ యంత్రంలో మామూలుగా క్యార్‌కు రుణసంఖ్యలే లేవు, అక్కడ క్యార్‌లో వేసినది ఈఓఎఫ్‌తో ఎప్పుడూ కలవదు గనుక అదే ప్రోగ్రామ్ ఎన్నటికీ ఆగదు.

పూర్వపక్షం: ఎఫ్‌రీడ్ ఇచ్చేది ఉత్త లెక్కే కదా, అందులోనూ మెలికేనా?

ఉత్తరపక్షం: ఏ లెక్క అన్నదే మెలిక. 250 బైట్ల ఫైల్‌ను ఒక్కో బైట్ చొప్పున వంద అడిగితే 100, 100, 50 వస్తాయి. వంద బైట్ల ముక్క ఒకటి చొప్పున అడిగితే 1, 1, 0 వస్తాయి. బఫర్‌లోకి చేరిన ఆ చివరి 50 బైట్ల జాడ లెక్కలో కనిపించదు.

పూర్వపక్షం: అయితే ఎఫ్‌ఈఓఎఫ్ పేరే ఎత్తకూడదంటారా?

ఉత్తరపక్షం: లూప్ బయట ఎత్తండి. నల్ వచ్చాక, ఫైల్ ముగిసిందా, చదవడంలో లోపం వచ్చిందా అని తేల్చడానికి ఎఫ్‌ఈఓఎఫ్, ఎఫ్‌ఎర్రర్ రెండూ కావాలి.

పూర్వపక్షం: సరే మేడమ్, తొలి తరగతిలో ఎఫ్‌గెట్స్, దాని నల్, ఇంతవరకే చెబుతాను. ఎఫ్‌రీడ్‌ను మాత్రం స్ట్రక్చర్ల పాఠం పూర్తయ్యేదాకా ముట్టను. ఆ విషయంలో నా మాట నాదే.