కిటికీ దగ్గర నిలబడి ఓటీపీ గారికి రాసిన ఉత్తరం

మహారాజశ్రీ ఓటీపీ గారికి,

గుంటూరు నుంచి మీ పాత వినియోగదారుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా చేరుతున్నారో లేదో చూసుకోవడానికే రోజూ ఫోన్ పైకెత్తి కిటికీ పక్కన నిలబడాల్సి వస్తోంది. మా ఇంట్లో సిగ్నల్ అక్కడ తప్ప ఇంకెక్కడా రాదు.

ముందు నిన్న రాత్రి సంగతి చెప్పాలి. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఇక్కడి బ్యాంకు ఖాతాకి ఇచ్చిన నంబరు తాలూకు సిమ్ము మా ఆవిడ ఫోన్‌లో రెండో అరలో కాపురం ఉంటోంది. అమ్మాయి అక్కడ పట్టపగలు తీరిగ్గా ఏదో బిల్లు కట్టబోయింది. ఇక్కడ రాత్రి పదకొండున్నరకి, ఒక్కసారికే చెల్లే ఆరంకెల కోడ్ రూపంలో, మీరు టింగుమంటూ దిగారు.

"అమ్మా, వచ్చిందా?"

"వచ్చింది, ఆగవే, కళ్ళజోడేదీ..."

కళ్ళజోడు ఫ్రిజ్ మీద దొరికింది. "ఏడు వేల నాలుగు వందల..."

"అది అమౌంటమ్మా! ఇంకా కింద చూడు."

"నాలుగు, నాలుగు, ఒకటి, తొమ్మిది."

"అవి కార్డు చివరి అంకెలు! ఆరంకెలది ఉంటుంది చూడు."

ఆరంకెలది దొరికేసరికి మీ ఆయుష్షు తీరిపోయింది. మళ్ళీ పంపించారు. ఈసారి మీరూ, మీ తమ్ముడూ జంటగా వచ్చారు. మా ఆవిడ మర్యాదస్తురాలు కాబట్టి పెద్దాయన్ని ముందు చదివింది. చెల్లలేదు. మూడోసారి తొందరలో ఆరుని సున్నా అంది. కార్డు ఆ పూటకి స్తంభించిపోయింది. అమ్మాయి అక్కడ తల పట్టుకుంది, మేమిక్కడ దీపం ఆర్పి పడుకున్నాం.

ఈ గోడు ఇవాళ పొద్దున ఒక పెళ్ళిలో మా తోడల్లుడి కొడుకు దగ్గర వెళ్ళబోసుకున్నాను. వాడికి మాదాపూర్‌లో ఏదో పేమెంట్ల కంపెనీలో ఉద్యోగం. వినగానే వాడికి ప్రాణం లేచొచ్చింది. "మేం మొత్తుకునేది కూడా అదే బాబాయ్! దీన్ని ఫ్రిక్షన్ అంటారు. ఒక్కో స్టెప్ పెంచేకొద్దీ ఇంతమంది కస్టమర్లు మధ్యలో వదిలేసి పోతారు. రూల్స్ మీద రూల్స్ పెట్టి మన దేశంలో ఇన్నోవేషన్‌ని చంపేస్తున్నారు" అన్నాడు. చాలా బాధపడ్డాడు. భోజనాలయ్యాక నన్ను బయట కిళ్ళీ కొట్టుకి తీసుకెళ్ళి, రెండు స్వీట్ పాన్‌లు కట్టించి, స్కాన్ చేసి, పిన్ను కొట్టి, అరవై రూపాయలు కట్టాడు. పిన్ను కొట్టిన ఆ రెండు సెకన్లలో ఏ ఇన్నోవేషన్ చచ్చిందా అని అటూ ఇటూ చూశాను. కిళ్ళీ కొట్టాయన డబ్బా మాత్రం "అరవై రూపాయలు అందాయి" అని అరిచింది.

ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఫ్రిక్షన్‌కి తెలుగులో నాకు తోచిన అర్థం ఇది: డబ్బు చెయ్యి దాటేముందు మనిషికి ఆలోచించుకోవడానికి దొరికే కాస్త వ్యవధి. అది లేకుండా చేస్తే వాడి కంపెనీకి లాభమే, కాదనను.

మీ పుట్టుపూర్వోత్తరాలు వాడికి తెలియవు. వాడప్పుడు నిక్కర్లలో ఉన్నాడు. ఆన్‌లైన్‌లో కార్డు వాడితే కార్డు మీద కనిపించే అంకెలు చాలవు, ఇంకో రుజువు కూడా ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి పట్టుబట్టింది. మొదట్లో చాలామందికి అది పాస్‌వర్డ్, పోనుపోను ఆ కుర్చీలో మీరు స్థిరపడ్డారు. అమెరికాలో లేని చాదస్తం మనకెందుకని అప్పుడే సణుగుడు మొదలైంది. 2013లో ఉబర్ మన దేశానికి వచ్చింది. కారు దిగగానే కార్డులోంచి డబ్బు దానంతటదే పోయేది, మీతో పనే లేదు. ఎలాగంటే, లావాదేవీని విదేశీ బ్యాంకు గుండా తిప్పేవారు. ఎక్కినవాడు ఇక్కడివాడే, దిగింది ఇక్కడే, రూపాయి మాత్రం సముద్రం దాటి వచ్చేది. తలుపుకి తాళం ఉంటే పెరటి గోడ దూకడాన్ని మా చిన్నప్పుడు వేరే పేరుతో పిలిచేవారు. 2014 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇలా కుదరదని చెప్పి అక్టోబరు 31 దాకా గడువిచ్చింది. ఆ కంపెనీ మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతుందని కొందరు బెంగపడ్డారు. వెళ్ళలేదు. నవంబరులో, ముందే డబ్బు వేసుకుని వాడుకునే ఒక దేశీ వాలెట్‌తో పొత్తు కలుపుకుంది.

ఆ తర్వాత ఏడాదిన్నరకి, 2016 ఏప్రిల్‌లో, యూపీఐ వచ్చింది. యూపీఐ లైట్ అనే చిన్నాచితకా చెల్లింపులూ, వాటంతటవే పోయే ఆటోపేలూ పక్కన పెడితే, పిన్నో, ఈమధ్య వచ్చిన వేలిముద్ర లాంటి గుర్తో లేకుండా అందులోనూ రూపాయి కదలదు. 2025 ఆగస్టు ఒక్క నెలలో యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. మావాడు చచ్చిపోయిందని ఏడ్చిన ఇన్నోవేషన్ నెలకి రెండు వేల కోట్ల సార్లు లేచి తిరుగుతోందన్నమాట. నిబంధనల వల్లే యూపీఐ పుట్టిందని నేననను. నిబంధనలున్నా పుట్టిందని మాత్రం మావాడితో అన్నాను. "అది వేరే కేసు బాబాయ్" అన్నాడు.

అలాగని మీ రిజర్వు బ్యాంకు దొరల లెక్క ఎప్పుడూ తప్పదని కాదు. 2021 అక్టోబరులో నెలవారీ ఆటోమేటిక్ చెల్లింపులకి కొత్త షరతులు వచ్చినప్పుడు మా పత్రిక చందా ఆగిపోయింది, టీవీ యాప్ నల్లమొహం వేసింది. ఐదు వేలు దాటితే ప్రతిసారీ మీ దర్శనం కావాలన్నారు. గోల గోలయ్యాక, 2022 జూన్‌లో ఆ హద్దుని పదిహేను వేలకి పెంచారు. చెప్పు కరిస్తే చెప్పుని సరిచేసుకున్నారు, అంతే. మొత్తంగా చెప్పులే వద్దనలేదు.

చెప్పులే వద్దన్నవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఫ్రిక్షన్ అనేది బొత్తిగా లేని వ్యాపారం ఒకటి మన కళ్ళముందే నడిచింది, మీరు చూసే ఉంటారు. లోన్ యాప్‌లు. ఐదు నిమిషాల్లో అప్పు. జామీను లేదు, సంతకం లేదు. ఒకచోట "అలౌ" అని నొక్కితే చాలు, ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ వాళ్ళ సంచిలో పడేవి. ఐదు వేలు అప్పంటే ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని చేతిలో మూడు వేల చిల్లర పెట్టి, వారానికల్లా ఐదు వేలూ కట్టమనేవారు. ఎనిమిదో రోజున మేనమామకీ, ఆఫీసులో మేనేజరుకీ, ఎప్పుడో సేవ్ చేసుకున్న ప్లంబరుకీ ఫోన్లు. ఆడపిల్లల ఫోటోలు మార్చి వాట్సాప్‌లో తిప్పడం. 2020 డిసెంబరులో తెలంగాణలో వరసగా ఆత్మహత్యలు జరిగాకే ఇదంతా పెద్ద వార్త అయింది. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద పడ్డారు. రిజర్వు బ్యాంకు వేసిన బృందం లెక్క తీస్తే, 2021 మొదటి రెండు నెలల్లో కనబడ్డ దాదాపు 1,100 లోన్ యాప్‌లలో 600 అక్రమమైనవే.

డిజిటల్ అప్పులకి మార్గదర్శకాలు 2022 సెప్టెంబరు 2న వచ్చాయి. యాప్‌లు కాంటాక్టుల జోలికీ ఫోటోల జోలికీ పోకూడదు, అసలు ఖర్చెంతో ముందే ఒక కాగితంలో చూపాలి, తొందరపడి తీసుకున్నవాడు వెనక్కిచ్చే వీలుండాలి. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయంటారు. ఇక్కడ ఇరవై నెలలు పట్టింది. ఆ ఇరవై నెలల్లో ఇన్నోవేషన్‌కి ఈ నిబంధనల అడ్డు లేదు. మావాడిని దీని గురించి అడిగితే, "అవి మా లాంటి మంచి కంపెనీలు కాదు బాబాయ్" అన్నాడు. నిజమే కావచ్చు. ఫోన్ తెరమీద రెండు బొమ్మలూ ఒకే సైజులో ఉన్నప్పుడు మంచిదేదో మా ఆవిడ ఎలా పోల్చుకోవాలో చెప్పలేదు.

ఇంతవరకూ మీ తరఫున మాట్లాడాను. ఇప్పుడు నా ఫిర్యాదు వినండి.

మా బావమరిదికి ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. కేవైసీ, అంటే బ్యాంకుకిచ్చిన గుర్తింపు కాగితాల గడువు, అయిపోయిందట, రాత్రికి ఖాతా ఆగిపోతుందట. నోట తెలుగు, మాటకి ముందు "సార్". మీరు వచ్చారు, ఆయన చదివి చెప్పాడు, 18,600 పోయాయి. మర్నాడు బ్యాంకుకి వెళ్తే కౌంటర్లో అమ్మాయి మెసేజ్ చూసి, "ఎవరికీ చెప్పద్దని ఇందులోనే రాసి ఉంది కదండీ" అంది. ఉంది. మెసేజ్ చివర్లో ఉంది, ఇంగ్లీషులో ఉంది. మా బావమరిది ఏడో తరగతిలో బడి మానేసి నలభై ఏళ్ళుగా మిర్చి యార్డులో దిగుమతి లెక్కలు చూస్తున్నవాడు. ఆ మెసేజ్‌లో ఆయన చదవగలిగింది అంకెలే. ఆ చదవగలిగినదాన్నే ఎవరికీ చదవద్దన్నారు మీరు.

పైగా మీ వంశంలో ఎవరిని బయటికి చెప్పాలో, ఎవరిని దాచాలో ఎలా తెలుస్తుంది? గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి గుమ్మంలోనే "కోడ్ చెప్పండి సార్" అంటాడు, చెప్పకపోతే బండ దించడు. పార్సిల్ కుర్రాడికి చెప్పాలి. ఆటో ఎక్కితే డ్రైవరుకి చెప్పాలి. రోజంతా వీధిలో అరిచి చెప్పడం అలవాటు చేసి, సాయంత్రం వచ్చే ఒక్క ఫోన్‌కి మాత్రం నోరు మూసుకోవాలంటే ఎలా? చెప్పినవాడిదే తప్పని తేల్చడం బ్యాంకుకి సుఖం. మీరు మాకు తాళం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ కౌంటర్ దగ్గర నిలబడ్డాక బ్యాంకుకి రసీదులా కనపడ్డారు.

2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మీ గురించి కొత్త ఆదేశాలిచ్చింది. అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. రెండో రుజువు ఉండాల్సిందే, అది ఎస్సెమ్మెస్సే కానక్కర్లేదు, వేలిముద్రైనా యాప్‌లోనే పుట్టే టోకెన్ కోడైనా సరేనట. అంటే మీకు మెల్లగా రిటైర్మెంటు మాటలు వినబడుతున్నాయి. అందులో నాకు నచ్చిన వాక్యం మాత్రం వేరే ఉంది: ఈ ఆదేశాలు పాటించకుండా జరిపిన లావాదేవీలో నష్టమొస్తే, కార్డో ఖాతానో ఇచ్చిన సంస్థే మారుమాట్లాడకుండా మొత్తం కట్టాలి. మా బావమరిదికి అది వర్తించదు. ఆయన విషయంలో అన్నీ పాటించారు. మెసేజ్ కూడా సరిగ్గా పంపారు.

మీరు వెళ్ళేలోపు ఒక్క ఉపకారం చెయ్యండి. ఆ "చెప్పద్దు" అన్న మాట తెలుగులో, అంకెల కంటే ముందు, మొదటి వరసలో పెట్టించండి. ఈ మాత్రానికి ఏ ఇన్నోవేషనూ చావదని మావాడి చేత రాయించి పంపుతాను.

ఇంకా రాయాలనే ఉంది గానీ, రాత్రి పదకొండున్నర అయింది. అవతల గదిలో వీడియో కాల్ మోగుతోంది. "అమ్మా, వచ్చిందా?" అంటోంది అమ్మాయి. మా ఆవిడ ఫ్రిజ్ మీద తడుముతోంది. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది.

ఇట్లు,
మీ కోసం కిటికీ దగ్గర,
ఒక ఖాతాదారుడు