సవరణ: నిలిపి ఉంచిన క్యాంపర్ వ్యాన్ బ్యాటరీకి సోలార్ ఛార్జింగ్

హనుమకొండలో ఇంటి ముందు నెలల తరబడి నిలిపి ఉంచే క్యాంపర్ వ్యాన్ (లోపలే పడుకునే వీలున్న ప్రయాణ వ్యాన్) గురించి రాస్తూ, 50 వాట్ల సోలార్ ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలిపితే చాలన్నాను. అది తప్పు. దయచేసి ఎవరూ అలా కలపకండి.

12 వోల్టుల ప్యానెల్ అని పేరే గానీ, మంచి ఎండలో, దానికి ఏమీ కలపనప్పుడు అది 20 వోల్టులు దాటుతుంది. మధ్యలో ఛార్జింగ్‌ను అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్ లేకపోతే లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండాక కూడా ఛార్జ్ అవుతూనే ఉంటుంది. నీళ్లు తగ్గిపోయి ప్లేట్లు పాడవుతాయి. మన మే ఎండల్లో ఇంకా తొందరగా. కంట్రోలర్ ఉంటే, నిండాక వోల్టేజీని 13.5 దగ్గరికి దించి నిలబెడుతుంది. కంట్రోలర్‌కు మొదట బ్యాటరీని, తర్వాతే ప్యానెల్‌ను కలపాలి.

లిథియం బ్యాటరీ సంగతి వేరు, దాన్ని సగం ఛార్జ్‌లో వదిలి ప్యానెల్ తీసేయడమే మంచిది.

నా మాట విని నేరుగా కలిపినవాళ్లు ఈరోజే విప్పేసి, డిస్టిల్డ్ వాటర్ ఎంతుందో చూసుకోండి.