పేటెంట్లు సరే, యంత్రమేదీ?

గ్లకోమా (నీటికాసులు) అనుమానంతో పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్తే కొందరికి ‘యూబీఎం’ (అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీ) స్కాన్ రాస్తారు. దాని వెనుక ఉన్నది కెనడాలోని టొరంటో పరిశోధకులు. అక్కడి భౌతిక శాస్త్రవేత్త స్టువర్ట్ ఫాస్టర్, నేత్రవైద్యుడు చార్లెస్ పావ్లిన్‌ల బృందం 1990లోనే కంటి ముందుభాగాన్ని అల్ట్రాసౌండ్‌తో మైక్రోస్కోప్ స్థాయిలో చూపించింది.

కడుపు స్కానింగ్‌కి మూడు నుంచి ఐదు మెగాహెర్ట్జ్ చాలు. వీళ్లు 50కి, ఆ పైకి వెళ్లారు. అక్కడ తరంగం పొడవు సుమారు 30 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాబట్టి బొమ్మ అంత స్పష్టంగా వస్తుంది. లోతు మాత్రం కొన్ని మిల్లీమీటర్లకే ఆగిపోతుంది. ఇదంతా ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. దొరకనిది పనితనం. ఆ పౌనఃపున్యానికి ధ్వని తరంగాలు పుట్టించే స్ఫటికాన్ని పదుల మైక్రాన్ల మందానికి తేవాలి. అర్రే ప్రోబ్ (వరుసగా పేర్చిన చిన్న స్ఫటిక ముక్కలతో పనిచేసే స్కానర్ తల) కావాలంటే దాన్ని మళ్లీ అంతకన్నా సన్నటి ముక్కలుగా కోయాలి. మామూలు కోత బ్లేడ్లు అక్కడ చేతులెత్తేస్తే లేజర్ పట్టుకున్నారు. నా దృష్టిలో అసలు విలువైన పేటెంట్లు ఇలాంటి చోటే పుడతాయి, చేతులు కాలిన చోట!

ఫాస్టర్ 1999లో విజువల్‌సోనిక్స్ పెట్టారు. ప్రయోగశాల ఎలుకలను స్కాన్ చేసే యంత్రాలతో నిలదొక్కుకున్న ఆ సంస్థను 2010లో అమెరికాకు చెందిన సోనోసైట్ కొంది. 2012లో సోనోసైట్‌ని జపాన్ ఫ్యూజీఫిల్మ్ కొంది.

ప్రజల సొమ్ముతో నడిచే ల్యాబుల్లో పుట్టిన జ్ఞానం ఇలా కంపెనీల చేతులు మారడమేంటని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ 1990 నాటి పరిశోధన పత్రాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. పత్రం స్కాన్ తీయదు కదా.

మన సంగతి చూడండి. 2021లో విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజులు 80 శాతం తగ్గించారు. కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో పేటెంట్ మంజూరు కాకుండా దరఖాస్తు ప్రచురితమైనా మార్కులే. ఇంకేం, ఇంజనీరింగ్ కాలేజీల అడ్మిషన్ ఫ్లెక్సీల మీద ప్లేస్‌మెంట్ల పక్కన పేటెంట్ల అంకె కూడా చేరింది. వాటిలో ఎన్నింటికి నమూనా ఉంది? ఎన్ని లైసెన్సులు అమ్ముడయ్యాయి? ఆ లెక్క ఫ్లెక్సీ మీద ఉండదు.

నిజానికి అడగడానికి దారి చట్టంలోనే ఉంది. మంజూరైన పేటెంటును దేశంలో వాడుతున్నారో లేదో పేటెంట్ ఆఫీసుకిచ్చే ఫారం 27లో చెప్పాలి. ర్యాంకుల మార్కులను ఆ ఫారానికి ముడిపెట్టండి. దరఖాస్తు వేసినందుకు సున్నా, యంత్రమో లైసెన్సో చూపిస్తేనే మార్కు.