డివైడర్ కట్ మూసేస్తే సరిపోదు, దాటే దారి కూడా ఇవ్వాలి

హైదరాబాద్–విజయవాడ హైవేని ఆరు లేన్లు చేస్తే ప్రమాదాలు తగ్గుతాయని చాలామంది అంటున్నారు, నాకైతే లేన్ల కన్నా ముందు ఊళ్ల దగ్గర జనం రోడ్డు ఎలా దాటుతున్నారో చూడాలనిపిస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, అందులో మూడో వంతు పైనే నేషనల్ హైవేల మీద, అవేమో మొత్తం రోడ్ల పొడవులో 2 శాతమే.

హైవే పక్క ఊళ్లలో ఇల్లు ఇవతల ఉంటే పొలం అవతల. పాల క్యాన్లు తగిలించుకున్న బండి మీద రైతు, కట్ మూసేసి యూటర్న్ ఎక్కడో దూరంగా ఉంటే రాంగ్ రూట్‌లోనే వస్తాడు, లేకపోతే డివైడర్ మధ్య వదిలిన ఖాళీలో, అదే కట్‌లో, ముందు చక్రం పెట్టి సందు కోసం చూస్తుంటాడు, లారీ అడ్డం ఉండి వెనక వంద స్పీడ్‌లో వచ్చే కారుకి ఆయన కనపడడు. గుద్దాక కేసులో రాసేది అతివేగం అనో రాంగ్ రూట్ అనో, అక్కడ దాటే దారి ఎందుకు లేదని ఎవరూ అడగరు.

అండర్‌పాస్, అంటే హైవే కింద నుంచి దాటే దారి కట్టాలంటే కోట్లు, భూసేకరణ, నెలల తరబడి డైవర్షన్, దుమ్ము, పక్కన హోటళ్లకి బేరం పోవడం, ఇవన్నీ నిజమైన నష్టాలే, కాదనను. కానీ ఆ ఖర్చు ఒకే ఫైల్లో కనిపిస్తుంది, లాభం మాత్రం ఏ ఫైల్లోనూ కనపడదు. ఆస్పత్రి బిల్లుకి అమ్ముకున్న ఎకరం, మధ్యలో ఆగిన పిల్ల కాలేజీ, ఇవి ఎవరి లెక్కలోకి వస్తాయి? రోడ్డు డిజైన్ ప్రమాణాలు పాటించకపోతే మోటారు వాహనాల చట్టం 198ఏ కింద జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయలు, హిట్ అండ్ రన్‌లో మనిషి చనిపోతే పరిహారం 2 లక్షలు. ప్రాణానికి ఇంతే ఖరీదు కడితే ఏ అండర్‌పాసూ గిట్టుబాటు కాదు.

ఇంకోటి, ఒక చోటుని బ్లాక్ స్పాట్, అంటే ప్రమాదాలు ఎక్కువ జరిగే చోటు అని గుర్తించాలంటే 500 మీటర్లలోపు 3 ఏళ్లలో 5 పెద్ద ప్రమాదాలో, 10 చావులో జరగాలి. అంటే జనం పోయాకే రిపేర్ మొదలు, అదీ ట్రాఫిక్ నడుస్తుండగా తవ్వి కట్టాలి, ముందే కట్టినదానికన్నా ఖర్చూ ఎక్కువే, తిప్పలూ ఎక్కువే.

ఆరు లేన్లయితే దాటాల్సిన దూరం ఇంకా పెరుగుతుంది. అందుకే ఊళ్ల దగ్గర అండర్‌పాస్‌లు, సర్వీస్ రోడ్లు, లైట్లు పూర్తయ్యాకే కొత్త లేన్లు తెరవాలి, అప్పటిదాకా టోల్ కూడా పెంచకూడదు, ఈ షరతు టెండర్‌లోనే రాయాలి.